పీఆర్వో గడప తొక్కక ముందే: చురుకైన పిల్లలకు ఎనిమిదో తరగతి నుంచి కాలేజీ సీటు దాకా

సంక్రాంతి సెలవులు అయిపోగానే మా వైపు ఊళ్లలో ఏటా ఒక తంతు నడుస్తుంది. పదో తరగతిలో మంచి మార్కులు తెస్తారని పేరున్న పిల్లల ఇళ్లకు హనుమకొండ నుంచి బైకుల మీద పీఆర్వోలు, అంటే ప్రైవేటు ఇంటర్ కాలేజీలకు పిల్లల్ని చేర్పించేవాళ్లు, వస్తారు. చేతిలో నిగనిగలాడే బ్రోషర్, నోట్లో ఒకటే మాట: "అన్నా, ఇయ్యాల బుక్ చేస్తే ఫీజుల సగం తగ్గిస్తం, రేపైతే నా చేతుల ఉండది." చాయ్ తాగి లేచేలోపు ఐదు వేలు అడ్వాన్స్ తీసుకుని రసీదు రాసిచ్చి వెళ్లిపోతారు. నీకేం చదవాలని ఉంది బిడ్డా అని ఆ పిల్లను ఎవరూ అడగరు. ఆ పిల్ల పక్క గదిలోనే ఉంటుంది, అంతా వింటూనే ఉంటుంది.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఇరవై ఏళ్లుగా ఈ రసీదులు చూస్తున్నాను, వాటిని జేబులో పెట్టుకుని మా ఇంటికొచ్చి "సార్, మావోన్ని ఏ గ్రూపుల ఏస్తే మంచిదంటరు" అని అడిగే నాయినలనూ చూస్తున్నాను. ఆ ప్రశ్న అడగాల్సింది అడ్వాన్స్ కట్టక ముందు, ఇంకా చెప్పాలంటే రెండేళ్ల ముందు. అందుకే ఎనిమిదో తరగతి నుంచి మొదలుపెట్టి రాస్తున్నా.

తెలివైన పిల్లలకు ఎవరూ దారి చూపక్కర్లేదు, వాళ్లే పైకొస్తారు అనుకుంటాం కానీ నేను చూసింది వేరు. ఒక్క సబ్జెక్టే బాగా వచ్చిన పిల్లకు దారి సులువు, అన్నీ బాగా వచ్చిన పిల్లకు మాత్రం ఏది వదులుకోవాలో తేలదు, ఈలోపు పెద్దవాళ్లు ఎంపీసీ అనో బైపీసీ అనో తేల్చేస్తారు.

మొదటి మెట్టు: ఎవరూ చెప్పకుండా ఏం చేస్తున్నారో రాసుకోండి

ఫస్ట్ ర్యాంక్ వేరు, ప్రతిభ వేరు. రెండూ ఒకే పిల్లలో ఉండొచ్చు, ఉండకపోనూ వచ్చు. నేను ఎనిమిదో తరగతిలో ఒక ప్రశ్న అడుగుతుంటాను: ఒకటి నుంచి వంద దాకా అంకెలన్నీ వరసగా రాసుకుంటూ పోతే 7 ఎన్నిసార్లు రాస్తాం? కొందరు నిజంగానే వందా రాసి లెక్కపెడతారు, అది తప్పేం కాదు. కొందరు ఒకట్ల స్థానంలో పది, పదుల స్థానంలో పది, మొత్తం ఇరవై అంటారు. ఒక ఏడాది ఒక అమ్మాయి ఇరవై అని చెప్పి ఊరుకోకుండా, ఇంటర్వెల్‌లో వచ్చి "సార్, వెయ్యి దాకా అయితే 300 కదా" అంది. నేను అడగని ప్రశ్న అది. ఆ అమ్మాయికి లెక్కల్లో క్లాసులో మూడో ర్యాంకో నాలుగో ర్యాంకో, ఎందుకంటే స్టెప్పులు వదిలేసి రాస్తుంది.

ఇంట్లో దీనికి ఒక చిన్న నోట్‌బుక్ చాలు. రెండు నెలలు, రోజుకో వాక్యం, తేదీ వేసి. ఎవరూ చెప్పకుండా పిల్లలు తమంతట తాము చేసింది మాత్రమే రాయండి. బావి దగ్గర మోటారు స్టార్టర్ డబ్బా విప్పి చూశాడు. అవ్వకు బీపీ మాత్ర ఎందుకు మార్చారని డాక్టర్నే అడిగింది. ఎనుమాముల మార్కెట్లో పొద్దున ఒక ధర, మధ్యాహ్నం ఇంకో ధర ఎందుకుందని నాయినను దారి పొడుగునా సతాయించింది. ఈ మూడో పిల్లను చూసి ఎంఈసీ (లెక్కలు, ఎకనామిక్స్, కామర్స్ గ్రూపు) గురించి, ఎకనామిక్స్ గురించి ఆలోచించే ఇల్లు మా వైపు వందలో ఒకటి కూడా ఉండదేమో, "కామర్సా, ఎంపీసీల సీటు రాలేదా" అంటారు. తెలంగాణ సిద్ధాంతకర్త అని మనం చెప్పుకునే జయశంకర్ సార్ మన అక్కంపేట మనిషే, చదివింది అర్థశాస్త్రమే, కాకతీయ యూనివర్సిటీకి వీసీ అయ్యారు. ఆ సంగతి గుర్తు చేస్తే మాత్రం అందరూ తలూపుతారు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కింద లెక్కల్లో మంచి పట్టున్న ఒక పిలగాడికి ఎంపీసీ, ఇంజినీరింగ్ అని గట్టిగా చెప్పింది నేనే. వాడు క్లాసులో గొడవొస్తే ఇద్దరి మాటా విని తీర్పు చెప్పేవాడు, స్టాఫ్ రూంలో పేపర్ కోసం కాచుకుని కూర్చుని సంపాదకీయంతో సహా చదివేవాడు. అవన్నీ నా కళ్ల ముందే జరిగాయి, నాకు కనిపించింది వాడి లెక్కల పేపరు ఒక్కటే. బీటెక్ అయిపోయాక లాసెట్ రాసి మూడేళ్ల లా చదువుతున్నాడు. ఇంటర్ కాగానే క్లాట్ రాసి ఐదేళ్ల లా చేయొచ్చని, నల్సార్ లాంటి లా యూనివర్సిటీ మన హైదరాబాద్‌లోనే ఉందని అప్పట్లో నేను వాడికి చెప్పలేదు. చెప్పడానికి నాకే సరిగ్గా తెలియదు.

రెండో మెట్టు: పైసా పెద్దగా ఖర్చులేని పరీక్షలు

ఎనిమిదిలో ఉండగా వదలకూడనిది ఎన్‌ఎంఎంఎస్, కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్ పరీక్ష. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకు, తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకపోతే రాయొచ్చు, గురుకులాల వాళ్లకు ఉండదు. మ్యాట్ (ఆలోచనా శక్తిని చూసేది) 90 ప్రశ్నలు, స్యాట్ (బడి సబ్జెక్టులది) 90 ప్రశ్నలు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు ఏటా 12,000, మొత్తం 48,000. ఇంటర్‌కు ప్రైవేటు కాలేజీలో చేరితే ఆ రెండేళ్ల డబ్బు ఆగిపోతుంది, ఇది ముందే తెలుసుకోండి. డబ్బు కంటే నాకు నచ్చేది ఇంకోటి ఉంది, ఈ పరీక్ష బట్టీతో రాదు, మ్యాట్‌లో పిల్ల ఆలోచన ఎలా నడుస్తుందో తెలిసిపోతుంది.

పాత తరం టీచర్లు ఇంకా ఎన్‌టీఎస్‌ఈ అనే ప్రతిభా పరీక్ష రాయించండి అంటారు. అది 2021 నుంచి ఆగిపోయి ఉంది. సైన్స్ పిల్లలకు స్కాలర్‌షిప్ ఇచ్చే కేవీపీవై కూడా 2022లో ఎత్తేశారు. ఈ పేర్లతో ఎవరైనా స్పెషల్ బ్యాచ్ అని ఫీజు అడిగితే లేచి వచ్చేయండి.

లెక్కలంటే పిచ్చి ఉన్నవాళ్లకు ఐఓక్యూఎం ఉంది, గణిత ఒలింపియాడ్‌కు మొదటి గడప. ఎనిమిది నుంచి ఇంటర్ పిల్లల దాకా రాయొచ్చు, మూడు గంటలు, 30 ప్రశ్నలు, 100 మార్కులు, ప్రతి జవాబూ ఒక పూర్ణాంకమే. మామూలుగా సెప్టెంబర్ మొదట్లో పెడతారు. అందులో గట్టెక్కితే ప్రాంతీయ స్థాయి ఆర్‌ఎంఓ, దాని తర్వాత జాతీయ స్థాయి ఐఎన్‌ఎంఓ. సైన్స్ వైపు నవంబర్‌లో ఫిజిక్స్ టీచర్ల సంఘం ఐఏపీటీ పెట్టే పరీక్షలు ఉంటాయి, పదో తరగతి లోపు వాళ్లకు జూనియర్ సైన్స్‌ది వేరుగా ఉంది. ఇవన్నీ ముంబైలోని హోమీ భాభా సెంటర్ నడిపే ఒలింపియాడ్ మెట్లు. బడుల్లో అమ్మే రంగురంగుల మెడల్స్ ఒలింపియాడ్‌లతో వీటిని కలపకండి, వాటిలో ఫీజు కట్టిన ప్రతి పిల్లకూ ఏదో ఒక సర్టిఫికెట్ వస్తుంది.

మొదటిసారి ఐఓక్యూఎం రాసిన పిల్లకు ముప్పైలో నాలుగైదు వస్తే అదే గొప్ప. బడిలో ఎప్పుడూ 95 కింద చూడని పిల్ల ఏడుస్తుంది, ఏడవనివ్వండి. మర్నాడు రాని ప్రశ్నల్లో ఒకదాని వెనక మళ్లీ పడిందా లేదా అన్నది చూడండి. పడితే, మీ నోట్‌బుక్‌లో రాసుకోదగ్గ వాక్యం అదే. పాత పేపర్లన్నీ ఉచితంగా దొరుకుతాయి, వాటికి కోచింగ్ అక్కర్లేదు, పక్కన కూర్చుని "నాకూ రాలేదు, ఇద్దరం చూద్దాం" అనే టీచర్ ఒక్కరుంటే చాలు.

చేతిపని, కొత్త ఆలోచనలు ఉన్న పిల్లలకు ఇన్‌స్పైర్ మానక్ ఉంది, ఆలోచన ఎంపికైతే మోడల్ చేయడానికి పది వేలు ఇస్తారు. బడి తరఫున ఆన్‌లైన్‌లో పంపాలి కాబట్టి హెడ్మాస్టర్ వెంట పడాల్సింది మీరే.

మూడో మెట్టు: ఉద్యోగం పేరు కాదు, పని చూపించండి

మన పిల్లలకు తెలిసిన ఉద్యోగాలు డాక్టర్, సాఫ్ట్‌వేర్, పోలీస్, టీచర్, గ్రూప్ వన్. ఎందుకంటే కళ్ల ముందు ఉన్నవి అవే. వేరే పనులు చూపించడం ఖర్చుతో కూడిన పనీ కాదు. తొమ్మిదో తరగతి వేసవిలో నలుగురు మనుషుల దగ్గరికి, ఒక్కొక్కరి దగ్గర సగం రోజు, పిల్లను తీసుకెళ్లి కూర్చోబెట్టండి. సింగరేణిలో పనిచేసే చుట్టం ఉంటాడు, రామగుండం ఎన్టీపీసీలో ఊరివాళ్లు ఉంటారు, ఎంజీఎం ఆస్పత్రిలో నర్సు ఉంటుంది, కోర్టులో వకీలు ఉంటాడు. అడగాల్సిన ప్రశ్నలు మూడే: నిన్న పొద్దున్నుంచి రాత్రి దాకా ఏం చేశారు, ఈ పనిలో విసుగొచ్చేది ఏంటి, మళ్లీ పదిహేనేళ్ల వయసొస్తే ఏం చదువుతారు. జీతం ఎంత అని అడగొద్దని నేను చెప్పను, అడిగితే అడగనివ్వండి.

వరంగల్ ఎన్‌ఐటీ కాజీపేట రోడ్డు మీదే ఉంది, 1959లో నెహ్రూ పునాదిరాయి వేసిన కేంద్ర ఇంజినీరింగ్ కాలేజీ, దాని గేటు ముందు నుంచి బస్సులో వెయ్యిసార్లు పోయిన పిల్లలు లోపల అడుగు పెట్టి ఉండరు. టెక్నోజియాన్ ఫెస్ట్ జరిగేటప్పుడు, వీలైతే లోపల చదివే మన ఊరి పిలగాడి ద్వారా, ఒకసారి చూపించండి. అక్కడి విద్యార్థితో తెలుగులో మాట్లాడిన ఒక గంట, పది మోటివేషన్ క్లాసులతో సమానం. పుస్తకాల పురుగులను హనుమకొండలోని రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయానికి తీసుకెళ్లండి, 1904లో పెట్టిన గ్రంథాలయం అది.

నాలుగో మెట్టు: పది తర్వాత, అసలు పీటముడి ఇక్కడే

ఇప్పుడు పీఆర్వో వచ్చాడు. చాయ్ ఇవ్వండి, ఆయనా ఉద్యోగం చేసుకుంటున్న మనిషే, టార్గెట్ ఉంటుంది. అడ్వాన్స్ మాత్రం ఆ సాయంత్రం కట్టకండి. ఈ ప్రశ్నలు అడగండి, జవాబులు కాగితం మీద రాయించుకోండి.

టాప్ ర్యాంకులు ఎన్ని వచ్చాయన్నది కాదు, మొత్తం ఎంతమంది చేరితే అన్ని వచ్చాయి? మా అమ్మాయి స్టార్ బ్యాచ్ నుంచి కింది సెక్షన్‌కు పడితే ఈ ఫీజు కన్సెషన్ ఉంటుందా, పోతుందా? ఇంటర్ బోర్డు హాల్ టికెట్ మీద ఏ కాలేజీ పేరు, ఏ ఊరు ఉంటుంది? రాత్రి ఎన్నింటికి పడుకోనిస్తారు? ఒలింపియాడ్‌కో ఐసర్ (కేంద్ర సైన్స్ విద్యాసంస్థల) పరీక్షకో ఒక రోజు బయటికి పంపిస్తారా? మధ్యలో మానేస్తే ఫీజు, సర్టిఫికెట్లు ఎన్ని రోజుల్లో వెనక్కిస్తారు? చివరి ప్రశ్నకు ఎవరూ సూటిగా చెప్పరు. మా బంధువుల అబ్బాయి ఒకడి పదో తరగతి ఒరిజినల్ మెమో కోసం ఒక కాలేజీ చుట్టూ వాళ్ల నాన్న మూడు నెలలు తిరిగాడు. చూపించడానికి ఒరిజినల్, ఇవ్వడానికి జిరాక్స్, అంతే.

హాల్ టికెట్ మీద ఊరు ఎందుకు అడగమన్నానంటే, ఎన్‌ఐటీల్లో సగం సీట్లు ఆ రాష్ట్రం వాళ్లకే, దాన్ని హోమ్ స్టేట్ కోటా అంటారు. మీరు ఎక్కడ పుట్టారు, ఎక్కడ ఇల్లుంది అన్నది కాదు, ఇంటర్ ఏ రాష్ట్రంలో పాసయ్యారన్నదే లెక్క. వరంగల్‌లో పుట్టి, ఎన్‌ఐటీ గోడ పక్కనే పెరిగి, ఇంటర్ విజయవాడలో చదివితే వరంగల్ ఎన్‌ఐటీలో ఆ పిల్ల బయటి రాష్ట్రం కిందికి వస్తుంది, హోమ్ కోటా తాడేపల్లిగూడెంలోని ఎన్‌ఐటీలో ఉంటుంది. కోచింగ్‌కని రాజస్థాన్‌లోని కోటా పట్టణానికి పంపేవాళ్లకూ అంతే. మన రాష్ట్ర ఎంసెట్, మెడికల్ సీట్లకు కూడా స్థానికత లెక్క తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా ఎక్కడ చదివారనే దాంతో ముడిపడి ఉంటుంది. ఇంత పెద్ద సంగతి ఏ బ్రోషర్‌లోనూ నేను చూడలేదు.

ఇంటర్ ఒక్కటే దారి కూడా కాదు. బాసర ఆర్‌జీయూకేటీలో (మనం ట్రిపుల్ ఐటీ అనేది) పదో తరగతి మార్కుల మీదే ఆరేళ్ల బీటెక్ సీటు వస్తుంది, ప్రభుత్వ బడి పిల్లలకు కొంత స్కోరు కలుపుతారు. చేతిపని ఇష్టమున్నవాళ్లు పాలీసెట్ రాసి డిప్లొమా చేసి, ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలోకి రావొచ్చు. కాకపోతే డిప్లొమా తక్కువ అనే మాట చుట్టాల నుంచి పడాల్సి వస్తుంది, పడండి. గురుకుల జూనియర్ కాలేజీలకు ఆర్‌జేసీ సెట్ ఉంది, సంక్షేమ గురుకులాల్లో సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ పేరుతో జేఈఈ, నీట్‌కు తయారుచేసేవి ఉన్నాయి. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చేరి సాయంత్రం సొంతంగా చదివి మంచి సీటు తెచ్చుకున్నవాళ్లు నాకు ముగ్గురు తెలుసు. ముగ్గురికీ ఇంట్లో ఒక్కటి ఉంది, కదిలించని కుర్చీ, బల్ల. టీవీ ఇంకో గదిలో.

గ్రూపు దగ్గర తేలకపోతే నేను వాడే కొలత చెప్తాను. లెక్కలు వదిలేస్తే బాధపడే పిల్ల బైపీసీకి పోవద్దు, బాధపడకపోతే ఎంపీసీ బలవంతం వద్దు. మార్కులు రెండింట్లోనూ వస్తాయి, వాటితో తేల్చకండి.

ఐదో మెట్టు: ఇంటర్ రెండేళ్లు, గోడ మీద క్యాలెండర్

పిల్లల పని చదవడం. తేదీలు చూసుకోవడం పెద్దవాళ్ల పని. ఒక పెద్ద క్యాలెండర్ కొని రెండో ఏడాది నెలలు రాసి పెట్టుకోండి. అక్టోబర్, నవంబర్‌లలో జేఈఈ మెయిన్ మొదటి విడత దరఖాస్తు, డిసెంబర్‌లో క్లాట్, జనవరిలో మెయిన్ మొదటి విడత, ఫిబ్రవరి చివరి నుంచి మార్చి దాకా బోర్డు పరీక్షలు, ఏప్రిల్‌లో మెయిన్ రెండో విడత, మేలో నీట్, ఎంసెట్, ఐఐటీలకు అడ్వాన్స్‌డ్, లెక్కల పిల్లలకు ఐఎస్‌ఐ, సీఎంఐ, ఆ తర్వాత ఐసర్ పరీక్ష. ఎంసెట్‌కు 2024 నుంచి పేరు ఈఏపీసెట్ అయింది కానీ మా ఊళ్లో ఇంకా ఎంసెట్టే. తేదీలు ఏటా కొంచెం అటూ ఇటూ అవుతాయి, అధికారిక నోటిఫికేషన్ చూసి సరిచేసుకోండి, వాట్సాప్‌లో వచ్చిన ఫొటో చూసి కాదు.

అన్నీ రాయించొద్దు. ఒక్కో పరీక్షకు ఒక్కో స్వభావం. ఎంసెట్ అంటే 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, తప్పుకు మార్కు కోత లేదు, అదంతా వేగం. మెయిన్ 75 ప్రశ్నలకు 300 మార్కులు, తప్పుకు కోత. మెయిన్‌లో పైకొచ్చిన సుమారు రెండున్నర లక్షల మందికే అడ్వాన్స్‌డ్, అదీ వరస రెండేళ్లలో రెండుసార్లే, అక్కడ లోతు కావాలి. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు మెయిన్, నీట్ తెలుగులోనూ రాసే వీలుంది, అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లీష్, హిందీల్లోనే. కాబట్టి అడ్వాన్స్‌డ్ లక్ష్యమైతే ఫస్టియర్ నుంచే ప్రశ్నలు ఇంగ్లీషులో చదివే అలవాటు చేయండి.

నా సలహా: రెండు మామూలు పరీక్షలు, వాటితోపాటు రుచి వేరుగా ఉన్నది ఒకటి. వెయ్యి దాకా అయితే 300 కదా అన్న అమ్మాయి లాంటివాళ్లకు చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ (సీఎంఐ), లేదా కోల్‌కతాలో, బెంగళూరులో ఉన్న ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్‌ఐ). అక్కడ జవాబు ఒక్కటే టిక్ పెడితే సరిపోదు, ఎందుకో రాసి నిరూపించాలి. సైన్స్‌లో ప్రయోగాలు ఇష్టమైనవాళ్లకు ఏడు ఐసర్లు ఉన్నాయి, దగ్గరిది తిరుపతి. వాటి పరీక్షలో బయాలజీ, కెమిస్ట్రీ, లెక్కలు, ఫిజిక్స్ ఒక్కోదాంట్లో 15 చొప్పున 60 ప్రశ్నలు, ఎంపీసీవాళ్లూ బైపీసీవాళ్లూ ఇద్దరూ రాయొచ్చు. వీటి గురించి కాలేజీలో ఎవరూ చెప్పరు, ఎందుకంటే ఈ ర్యాంకులు ఫ్లెక్సీ మీద వేస్తే ఊళ్లో ఎవరికీ అర్థం కావు.

బైపీసీ పిల్లల కష్టం ఇంకోటి. ఎంబీబీఎస్ ఒక్కటే గెలుపు, మిగతాదంతా ఓటమి అన్నట్టు రెండేళ్లు పెంచుతాం. జగిత్యాల దగ్గర పొలాసలో వ్యవసాయ కాలేజీ ఉంది, కోరుట్లలో, మామునూరులో పశువైద్య కాలేజీలు ఉన్నాయి, ములుగులో ఫారెస్ట్రీ కాలేజీ ఉంది (మన సమ్మక్క సారలమ్మల ములుగు కాదు, సిద్దిపేట జిల్లా ములుగు, ఈ పొరపాటుతో బస్సెక్కినవాళ్లున్నారు). పశువైద్యానికి నీట్ ర్యాంకే చూస్తారు. వ్యవసాయ డిగ్రీకి ఎంసెట్, రైతు కుటుంబాల పిల్లలకు అందులో ప్రత్యేకంగా కొన్ని సీట్లు ఉంటాయి. ఈ కాలేజీలను నీట్ ఫలితాలొచ్చాక ఓదార్పుగా కాదు, ఫస్టియర్‌లోనే ఒకసారి తీసుకెళ్లి చూపించండి.

ఎన్‌ఐటీకైనా ఐఐటీకైనా ర్యాంకుతో పాటు ఇంటర్‌లో 75 శాతం, ఎస్సీ ఎస్టీలకు 65 శాతం ఉండాలి, లేదంటే బోర్డులో పై 20 పర్సంటైల్‌లో ఉండాలి. జేఈఈ ఊపులో సంస్కృతం, ఇంగ్లీష్ వదిలేసి ఇక్కడ తట్టుకుని పడిన పిల్లలున్నారు.

ఆరో మెట్టు: మొదటిసారి వెనకబడిన రోజు

దీనికి తేదీ ఉండదు, కానీ తప్పకుండా వస్తుంది, ఎక్కువగా ఫస్టియర్ ఆగస్టులో. పదేళ్లు బడిలో ఫస్ట్ వచ్చిన పిల్ల హాస్టల్‌లో చేరి మొదటి వీకెండ్ టెస్టులో నూట నలభయ్యో ర్యాంకులో నిలబడుతుంది. ఊరందరికీ మొనగత్తె అయిన పిల్లకు అక్కడ పేరు కూడా ఎవరికీ తెలియదు, అందరూ అలాంటివాళ్లే. ఔటింగ్‌కు వచ్చినప్పుడు మార్కులు అడగకండి, ఏం తిన్నావు, పక్క మంచం అమ్మాయి ఎలాంటిది, నిద్ర పడుతోందా అని అడగండి. ఫోన్లో మాటలు తగ్గడం, తిండి మానడం, ఇష్టమైనవి కూడా వద్దనడం, "నేను దేనికీ పనికిరాను" అనడం కనిపిస్తే వచ్చే ఆదివారం దాకా ఆగొద్దు, ఆ రోజే బస్సెక్కండి. టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు, ఆ నంబర్ పిల్లకూ ఇవ్వండి, మీరూ పెట్టుకోండి.

కాలేజీ మారిస్తే ఏడాది పోతుందని భయపెడతారు. బోర్డు నిబంధనల్లో మార్పుకు దారి ఉంది, డే స్కాలర్‌గా మార్చుకోవడం ఇంకా సులువు. కట్టిన ఫీజు పోతే పోయింది.

ఏడో మెట్టు: కాగితాలు, పైసలు

విసుగు పుట్టించే భాగం ఇది, సీట్లు పోయేది కూడా ఇక్కడే. పదో తరగతి మెమోలో పేరు, ఆధార్‌లో పేరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయా చూడండి, ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తిగా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. బీసీలు గట్టిగా గుర్తుంచుకోవాల్సింది: ఎంసెట్‌కు ఇచ్చే కుల సర్టిఫికెట్ కేంద్ర సీట్లకు చెల్లదు, అక్కడ ఓబీసీ నాన్ క్రీమీలేయర్ అని కేంద్రం నమూనాలో కావాలి, అదీ ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నది. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులం కేంద్ర జాబితాలో ఉండదు, ముందే చూసుకోండి. ఈడబ్ల్యూఎస్‌కూ ఏప్రిల్ 1 లెక్కే. ఏప్రిల్ మొదటి వారంలోనే మీసేవకు వెళ్లండి, మేలో తహసీల్ ఆఫీసు ముందు లైన్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఐఐటీ అంటే లక్షలు కావాలని ఆశే పెట్టుకోని ఇళ్లు చాలా ఉన్నాయి. ఐఐటీల్లో, ఎన్‌ఐటీల్లో ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు లేదు. కుటుంబ ఆదాయం లక్ష లోపుంటే ఎవరికైనా మొత్తం మాఫీ, లక్ష నుంచి ఐదు లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. హాస్టల్, మెస్ మాత్రం కట్టుకోవాలి. రాష్ట్రంలో ఇంజినీరింగ్‌కు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది, బీసీలకు పది వేల లోపు ర్యాంకు వస్తే పూర్తి ఫీజు, దాటితే 35,000 దాకా. ఆ డబ్బు ఆలస్యంగా వస్తుంటుంది, ఈలోపు మీరే కట్టమని కాలేజీ అడగొచ్చు, కాబట్టి మొదటి ఏడాదికి కొంత చేతిలో ఉంచుకోండి. ఇంటర్ మార్కుల్లో పై ఒక శాతంలో ఉండి బీఎస్సీ లాంటి మూల విజ్ఞాన కోర్సులో చేరితే కేంద్రం ఇన్‌స్పైర్ కింద ఏటా 80,000 వరకు ఇస్తుంది. బీటెక్ కాదని బీఎస్సీనా అన్నవాళ్లకు ఈ అంకె చూపించండి. అప్పు తప్పదంటే పీఎం విద్యాలక్ష్మి కింద పేరున్న సంస్థలకు తాకట్టు లేకుండా ఇస్తారు. అంతేకానీ ఎకరం అమ్మి డొనేషన్ కట్టొద్దు.

ఎనిమిదో మెట్టు: ఆప్షన్లు పెట్టే రాత్రి

ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లన్నీ జోసా అనే ఉమ్మడి కౌన్సెలింగ్‌లో ఇస్తారు. ఆప్షన్లు ఇంటర్నెట్ సెంటర్ అబ్బాయితో పెట్టించకండి. గత ఏడాది ఏ ర్యాంకుకు ఏ సీటు వచ్చిందో రౌండ్ల వారీగా జోసా సైట్‌లోనే ఉంటుంది. హోమ్ స్టేట్, బయటి రాష్ట్రం వరసలు వేరు, అమ్మాయిలకు వేరే వరస ఉంటుంది. 2018 నుంచి అమ్మాయిలకు అదనపు సీట్లు ఉన్నాయి కాబట్టి చాలా చోట్ల వాళ్లకు కొంచెం వెనక ర్యాంకుకు కూడా సీటొస్తుంది. "ఆడపిల్లను అంత దూరం ఎందుకు సార్" అనే ఇంటికి నేను ఒక పని చెప్తాను, అక్కడ చదివే మన జిల్లా అమ్మాయితో వాళ్ల అమ్మను మాట్లాడించమని. నాన్న కాదు, అమ్మ.

సీటొచ్చాక మూడు మాటలు కనిపిస్తాయి. ఫ్రీజ్ అంటే ఇదే చాలు. స్లైడ్ అంటే ఇదే కాలేజీలో, జాబితాలో పైన పెట్టుకున్న బ్రాంచి వస్తే మార్చండి. ఫ్లోట్ అంటే పైన పెట్టుకున్నది ఏ కాలేజీలో వచ్చినా మార్చండి. పైది వస్తే కిందిది ఆ క్షణమే పోతుంది, మళ్లీ కావాలన్నా రాదు. అందుకే జాబితాలో పైన పెట్టే ప్రతి వరసనూ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, "వరంగల్ సీటు వదిలి దీనికి పోతవా" అని ఒక్కొక్కటిగా అడగండి. ఊ అంటేనే పైన ఉంచండి, నసిగితే కిందికి దించండి, లాక్ చేశాక ప్రింట్ తీసుకుని ఫైల్లో పెట్టండి. ఫీజు కట్టడానికి, సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేయడానికి ఇచ్చిన గడువు సాయంత్రం ఐదింటికి అంటే ఐదింటికే. బ్యాంకు సర్వర్ మాట అక్కడ వినరు, ముందు రోజే కట్టేయండి.